ఫిషర్ రోగికి ముందుగా కావలసింది ఉదయం పూట తీరుబడి

ఈ మధ్య ఒక పత్రిక ఆరోగ్య శీర్షికలో ఒక ప్రశ్న చదివాను. బట్టల దుకాణంలో పనిచేసే ఒక యువతి, మోషన్‌కు వెళ్లినప్పుడు కోసినట్టు నొప్పి పుడుతోందని, ఆ తరువాత గంటల తరబడి మంట తగ్గడం లేదని, అప్పుడప్పుడు ఎర్రటి నెత్తురు చుక్కలు పడుతున్నాయని రాసింది. జవాబిచ్చిన వైద్యులు అది ఫిషర్, అంటే మలద్వారపు చర్మంలో వచ్చే చీలిక, కావచ్చునని చెప్పి, ఒకసారి సర్జన్‌కు చూపించుకొమ్మన్నారు; నీళ్లు బాగా తాగమని, ఆకుకూరలు, పండ్లు తినమని, కారం తగ్గించమని, మోషన్ వచ్చినప్పుడు ఆపుకోవద్దని సలహా ఇచ్చారు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా ఆ జవాబు చదివినప్పటి నుంచి నా మనసులో ఒక అభ్యంతరం మెదులుతూనే ఉంది.

పొద్దున దుకాణం తెరిచే వేళకు వచ్చి నిలబడి, రాత్రి షట్టరు దించాక ఇంటికి వెళ్లే మనిషికి తాను ఎప్పుడు బాత్రూముకు వెళ్లాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండదు. అందుకే ఆమె నీళ్లు తక్కువ తాగుతుంది. ఇంట్లో ఏ కూర వండాలన్నది కూడా ఆమె మాట మీద జరగకపోవచ్చు. తన చేతిలో లేని పనులన్నీ ఆమెకే అప్పగించి, జబ్బు తగ్గకపోతే జాగ్రత్తలు పాటించలేదని అనడం నాకు న్యాయంగా తోచదు. ఫిషర్ గురించి మనం రోగికి చెప్పే మాటల్లో సగం, ఆ రోగి ఉండే ఇంటికి, చదివే కళాశాలకు, పనిచేసే చోటుకు చెప్పవలసినవని నా అభిప్రాయం.

నేను గుంటూరులో ఉంటూ విజయవాడలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. రెండు ఊళ్ల మధ్య దూరం 30 కిలోమీటర్లకు కొంచెం పైనే. రోజూ రైల్లో తిరిగే ఆడవాళ్ల ఉదయం ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు: చీకటితో లేవడం, వంట, క్యారేజీలు, పిల్లల యూనిఫారాలు, ఆటో, స్టేషన్. నాకు ఫిషర్ వచ్చినప్పుడు కొత్తపేటలో నన్ను పరీక్షించిన సర్జన్‌గారు, ఏం తింటున్నారన్న ప్రశ్న కంటే ముందు, పొద్దున లేచాక మోషన్ వచ్చేదాకా ఇంట్లో ఆగే వీలు ఉందా అమ్మా అని అడిగారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఉందని చెప్పలేకపోయాను. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న నుంచి పుట్టినదే.

గాయం చిన్నదే అయినా ఎందుకు మానదు

చీలిక నిజానికి చాలా చిన్నది. మలద్వారపు అంచున ఉండే పలుచని, స్పర్శ ఎక్కువగా తెలిసే చర్మంలో, సాధారణంగా వెనకవైపు నడిమి గీత మీద అది ఏర్పడుతుంది. కొందరు ఆడవాళ్లలో, ముఖ్యంగా కాన్పుల తరువాత, ముందువైపు కూడా రావచ్చు. అంత చిన్న గాయం వారాల తరబడి మానకపోవడానికి కారణం దాని కింద ఉన్న లోపలి వలయ కండరం. ఆ కండరం మన ఇష్టానికి లోబడి పనిచేసేది కాదు. గాయం నొప్పికి అది బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడు, అసలే నెత్తురు తక్కువగా అందే ఆ వెనకభాగానికి ఇంకా తక్కువ అందుతుంది. నెత్తురు అందని గాయం మానదు. నోటి మూల పగిలినప్పుడు ప్రతి ఆవులింతకూ అది మళ్లీ విచ్చుకున్నట్టు, ప్రతి మోషన్‌కూ ఆ చీలిక తెరుచుకుంటుంది.

6 నుంచి 8 వారాలు దాటినా మానకపోతే దాన్ని దీర్ఘకాలిక ఫిషర్‌గా లెక్కిస్తారు. అప్పటికి గాయపు అంచు గట్టిపడి, బయటివైపు చిన్న చర్మపు తోక ఒకటి పెరుగుతుంది. చేతికి తగిలే ఆ తోకను బట్టి మొలలనుకుని, ఎవరికీ చూపించకుండా మందుల దుకాణంలో మొలల ట్యూబు కొనుక్కుని నెలల తరబడి రాసుకునేవారు ఎందరో ఉన్నారు. గోడల మీద, కరెంటు స్తంభాల మీద కనిపించే ‘మొలలు, ఫిషర్, భగందరం: ఆపరేషన్ లేకుండా నయం’ అన్న ప్రకటనలు బతికేది వీరి మీదనే. మూడు వేర్వేరు జబ్బులను ఒకే మందుతో నయం చేస్తామనే చోట, అసలు మన జబ్బు ఏమిటో చూసేవారు ఉంటారని నేను అనుకోను.

ఈ జబ్బులో నొప్పి కంటే నొప్పి భయం ఎక్కువ హాని చేస్తుంది. రేపు పొద్దున మళ్లీ అదే బాధ అన్న ఆలోచన రాత్రి భోజనం దగ్గరే మొదలవుతుంది. రాత్రి అన్నం మానేసి మజ్జిగతో సరిపెట్టుకునేవారు ఉన్నారు, ఒక పూట వెళ్లకపోతే గాయానికి విశ్రాంతి దొరుకుతుందని ఆపుకునేవారు ఉన్నారు. ఫలితం రెండింటికీ ఒకటే. లేవగానే, ఏదైనా తాగగానే, తినగానే పెద్దపేగు కదలడం శరీరం సహజంగా చేసే పని. ఆ కదలిక వచ్చిన కాసేపట్లో వెళ్లగలిగితే మలం మెత్తగా ఉంటుంది. బిగబట్టినకొద్దీ ఆ ప్రేరణ సద్దుమణుగుతుంది, మలం లోపల నిలిచిపోతుంది, నిలిచి ఉన్నంతసేపూ పేగు అందులోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. మరునాడు బయటికి వచ్చేది అంతకుముందు రోజు కంటే గట్టిది, పెద్దది.

ఆపుకోవడం మనకు అలవాటు చేసేది ఎవరు

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. చరక సంహిత సూత్రస్థానంలో ఏడో అధ్యాయం మలమూత్ర వేగాలను, అంటే శరీరానికి సహజంగా కలిగే ప్రేరణలను, ఆపుకోకూడదన్న మాటతోనే మొదలై, అలా ఆపుకోకూడని వేగాలు 13 అని లెక్క చెబుతుంది. ఆకలి, దాహం, నిద్ర, కన్నీరు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఆ అధ్యాయంలోని ఉపదేశం బుద్ధిమంతుడికి చేసినది. వినే మనిషికి లేచి వెళ్లే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఆ ఉపదేశం పనికివస్తుంది.

మా కళాశాలలో ఒక అమ్మాయి ప్రాక్టికల్స్ జరుగుతున్నంతసేపూ నిలబడే ఉండేది. స్టూలు లాక్కుని కూర్చొమ్మంటే ఫరవాలేదు మేడమ్ అనేది. ఒకరోజు అందరూ వెళ్లాక ఆపి అడిగితే, చాలాసేపు తల వంచుకుని ఉండి, కూర్చుంటే మంట అని మాత్రం చెప్పింది. నీళ్లు తాగుతున్నావా అని అడిగాను. ‘తాగితే పీరియడ్ మధ్యలో వెళ్లాల్సి వస్తుంది మేడమ్. వెళ్తే పేరు రాస్తారు,’ అంది. ఆ అమ్మాయి ఉండే హాస్టల్లో తెల్లవారుజామునే స్టడీ అవర్ మొదలవుతుంది. దానికి ముందు ఒక అంతస్తులోని పిల్లలందరూ కొద్దిపాటి బాత్రూముల ముందు వరుస కట్టాలి. స్నానం, పళ్లు తోముకోవడం, తక్కినవి అన్నీ ఆ వరుసలోనే జరగాలి. బయట తలుపు కొడుతూ ఉంటే లోపల మనిషికి మోషన్ రాదు. వచ్చేసరికి తరగతిలో ఉంటుంది. అక్కడ లేస్తే పేరు రాస్తారు. పదహారేళ్ల పిల్లకు ఈ జబ్బు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏదీ అవసరం లేదు.

అమ్మాయిల సంగతే ఎందుకు, బస్సు నడిపే డ్రైవరు, కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్, అడ్డా మీద పని కోసం తెల్లవారకముందే వచ్చి నిలబడే కూలీ, వీరి పరిస్థితి కూడా ఇదేనని ఎవరైనా అనవచ్చు. అది నిజమే. మగవాళ్లకు మూత్రానికి ఏదో ఒక గోడ దొరుకుతుంది కనుక నీళ్లు తాగడానికి వారు అంత భయపడరు, అంతే తేడా. విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల చిన్న చిన్న దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా ఉండటం నేను కళ్లారా చూశాను. ఫ్యాక్టరీలలో మరుగుదొడ్లు ఉండి తీరాలని 1948 నాటి చట్టమే చెప్పింది. మరుగుదొడ్డి అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 జనవరిలో న్యాయస్థానాల్లోని మరుగుదొడ్ల గురించిన కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయితే గది ఉండటం వేరు, ఆ గదికి వెళ్లేందుకు మూడు మాటలు పడనవసరం లేకుండా ఉండటం వేరు.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. తీరుబడి ఉన్నవారికి ఫిషర్ రాదా? వస్తుంది. మా వీధిలో ఉద్యోగ విరమణ చేసి, పొద్దున కావలసినంత సమయం ఉన్న పెద్దాయనకు, విరేచనాలు పట్టుకుని తగ్గిన తరువాత వచ్చింది. మలం గట్టిపడటం వల్లనే కాక, పలుచగా పదేపదే వెళ్లడం వల్ల కూడా ఆ చర్మం చీలుతుంది. సమయం ఉన్నవారు మరో పొరపాటు కూడా చేస్తారు: ఫోను పట్టుకుని లోపల అరగంట కూర్చుంటారు. అయిదు నిమిషాల్లో రాకపోతే లేచి బయటికి రావాలని, ముక్కకూడదని సర్జన్లు చెబుతారు. కాబట్టి తీరుబడి ఒక్కటే మందు అని నేను అనడం లేదు. తీరుబడి లేని చోట తక్కిన మందులు పనిచేయవని అంటున్నాను. చీలిక మొదలు కావడానికి కారణాలు అనేకం. అది మానకుండా ఉండటానికి ఎక్కువగా కనిపించే కారణం, మర్నాడు మళ్లీ ఆపుకోవలసి రావడం.

కారం మీద నేరం

గుంటూరులో ఫిషర్ వచ్చిందంటే అందరూ ముందు అనే మాట కారం. మిరప యార్డు ఉన్న ఊళ్లో, గొంతుకు ఘాటు తగలకుండా గాలి పీల్చలేని ఊళ్లో, ఆ మాట రావడం సహజం. బంధువులు, సహోద్యోగులు, చివరికి మందుల దుకాణంలో కుర్రవాడు కూడా, ఆవకాయ మానేశారా మేడమ్ అని అడుగుతాడు.

ఇందులో ఎంత నిజం ఉందో విడదీసి చూడాలి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ మొత్తం పేగులోనే ఇంకిపోదు. కొంత చివరిదాకా వస్తుంది. నాలుక మీద మంటను గుర్తించే గ్రాహకాలే మలద్వారపు చర్మంలోనూ ఉన్నాయి కనుక, అక్కడ గాయం ఉన్నప్పుడు మంట రెట్టింపవుతుంది. నాగపూర్‌లో ఫిషర్ రోగుల మీద చేసిన పరీక్షల్లో కూడా కారం తిన్న రోజుల్లో నొప్పి, మంట పెరిగినట్టు తేలింది. అందువల్ల గాయం మానేదాకా కారం బాగా తగ్గించడం సరైన సలహా. నేను తగ్గించాను, తగ్గించిన వారంలోనే తేడా తెలిసింది. అయితే గాయం చేసేది కారం కాదు. చర్మాన్ని చీల్చేది గట్టిపడిన మలం. మలం గట్టిపడటానికి, పాలిష్ పట్టిన తెల్లటి సన్నబియ్యం రెండు పూటలా తినడం, కూర రెండు గరిటెలకు పరిమితం కావడం, నీళ్లు చాలకపోవడం, ఆపుకోవడం, ఇవి కారణాలు. కారాన్ని దోషిగా నిలబెట్టడంలో ఒక సౌకర్యం ఉంది: తప్పంతా తినేవాడి నాలుకదే అవుతుంది, మరెవరూ ఏమీ మార్చుకోనవసరం ఉండదు. అందుకే ఆ మాట అంత సులువుగా అందరి నోటా వస్తుందని నాకు అనిపిస్తుంది.

రోజుకు 25 నుంచి 35 గ్రాముల పీచు కావాలంటారు. మన వంటల్లో అది కష్టసాధ్యమేమీ కాదు. గోరుచిక్కుడు, చిక్కుడు, తోటకూర పప్పు, మునగాకు, శనగలు, జామకాయ, ఇవన్నీ రైతుబజారులో దొరికేవే, ఖరీదు కానివే. కష్టం ఎక్కడంటే, గోరుచిక్కుడు ఈనెలు తీసి తరగడానికి, ఆకుకూర ఏరి కడగడానికి పట్టే సమయంలో ఉంది. పొద్దున రైలు ఉన్న ఇంట్లో బంగాళదుంప వేపుడు త్వరగా అవుతుంది, అందరూ తింటారు. ఆకుకూరలు తినమని కాగితం మీద రాసిచ్చే సలహా వెనక ఎవరో ఒకరి అరగంట ఉంటుంది. ఆ అరగంట ఎవరిదన్న ప్రశ్న ఏ చీటీలోనూ ఉండదు.

బాలింత పథ్యం

మా అక్క కూతురు తెనాలిలో పురిటికి వచ్చినప్పుడు జరిగిన సంగతి నా అభిప్రాయాన్ని గట్టిపరిచింది. కాన్పు తరువాత ఆడవాళ్లకు ఫిషర్ రావడం చాలా సాధారణం. నెలలు నిండేకొద్దీ మలబద్ధకం, ప్రసవంలో ఒత్తిడి, ఆ తరువాత కుట్ల నొప్పికి భయపడి ఆపుకోవడం, ఐరన్ మాత్రలు, ఇన్ని కారణాలు ఒక్కసారి కలుస్తాయి. వీటికి తోడు మన పథ్యం. నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుందని కొలిచి ఇవ్వడం, కూరలు మానిపించి వెల్లుల్లి కారంతో, ధనియాల పొడితో అన్నం పెట్టడం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. ఆ అమ్మాయి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోలేక పక్కకు ఒరిగి పాలిచ్చేది. నాతో ఏడుస్తూ, ‘పిన్నీ, కాన్పు నొప్పులే నయం,’ అంది.

డాక్టరమ్మగారు ఆమెకు రెండుసార్లు చెప్పారు, నీళ్లు తాగాలి, పీచు తినాలి అని. ఆమె తలూపింది. ఇంటికి వచ్చాక గ్లాసు అమ్మమ్మ చేతిలో, గరిటె అమ్మమ్మ చేతిలో. మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మగారు మా అమ్మను లోపలికి పిలిచి, ఆమెతోనే మాట్లాడారు. పథ్యం మానమని అనలేదు. పథ్యంలోనే బిడ్డతల్లికి మోషన్ మెత్తగా అయ్యేవి ఏమున్నాయో మీరే చెప్పండి అని అడిగారు. మా అమ్మ అక్కడే లెక్క చెప్పింది: బీరకాయ పెట్టవచ్చు, పొట్లకాయ పెట్టవచ్చు, సొరకాయ, పెసరపప్పు పెట్టవచ్చు, కాచిన ధనియాల నీళ్లు ఎన్నిసార్లయినా ఇవ్వవచ్చు. ఆ సాయంత్రం నుంచే ఫ్లాస్కు నిండా గోరువెచ్చని నీళ్లు మంచం పక్కన కనిపించాయి. పెద్దవాళ్లు మొండివాళ్లనే మాట మనం చాలా తేలికగా అంటాం. వంటింటి మీద అధికారం ఉన్న మనిషితో గౌరవంగా మాట్లాడినవారు అంతవరకూ ఎవరూ లేరన్నది నాకు ఆ రోజు అర్థమైంది.

వేడినీళ్లు, ట్యూబు, ఒకే బాత్రూము

మొదటి దశలో ఉన్న ఫిషర్లలో దాదాపు సగం, మలం మెత్తబడి, గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడంతోనే మానిపోతాయి. వెడల్పాటి టబ్బులో నడుము కింది భాగం మునిగేలా 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా మోషన్ తరువాత కూర్చోవాలి. ఆ వేడికి కండరం వదులవుతుంది. నీళ్లలో డెట్టాల్ కలపకూడదు. గాయాన్ని అది మండిస్తుంది. 1986లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కొత్తగా ఫిషర్ వచ్చినవారిలో వేడినీళ్ల స్నానంతో పాటు తవుడు తిన్నవారికి మూడు వారాల్లో 87 శాతం మందికి గాయం మానితే, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే ఆయింట్‌మెంట్ మాత్రమే రాసుకున్నవారిలో 60 శాతం మందికే మానింది. ఆయింట్‌మెంట్ రాసుకోవడం ఒక నిమిషం పని. వేడినీళ్లు పెట్టుకుని కూర్చోవడం పావుగంట పని. ఎక్కువమంది దేనిని ఎంచుకుంటారో ఊహించవచ్చు.

పాతబడిన ఫిషర్‌కు 2 శాతం డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్లు ఇస్తారు. రక్తపోటుకు, గుండె నొప్పికి మాత్రలుగా వాడే మందే ఇది. ఇక్కడ రాసినప్పుడు వలయ కండరాన్ని సడలించి, నెత్తురు అందేలా చేస్తుంది. నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ కూడా అదే పని చేస్తుంది కానీ తలనొప్పి ఎక్కువ. రోజుకు రెండుసార్లు చొప్పున 6 నుంచి 8 వారాలు మానకుండా రాయాలి. ఇసబ్‌గోల్ రాత్రిపూట నిండు గ్లాసు నీళ్లతో తీసుకోవాలి; అది ఒక మొక్క గింజ పొట్టు, నీటిని పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తబరచడమే దాని పని కనుక, నీళ్లు తక్కువైతే మేలు జరగదు, పైగా ఇబ్బంది కూడా కలగవచ్చు.

ఇవన్నీ చేయాలంటే ఇంట్లో వారికి ఏదో ఒకటి చెప్పక తప్పదు. అయిదుగురికి ఒకే బాత్రూము ఉన్న ఇంట్లో, పొద్దునా సాయంత్రం పావుగంట చొప్పున ఒకరు టబ్బులో కూర్చుంటే కారణం అడుగుతారు. ఇలాంటివి నలుగురికి చెప్పుకునేవి కావని మా అత్తయ్యగారు అన్నారు. ఆ మాటను నేను తేలికగా కొట్టేయలేను. తన శరీరంలోని అతి రహస్యమైన బాధను ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. సిగ్గును వదిలించుకోండని బోధించే వ్యాసాలు నాకు నచ్చవు, ఎందుకంటే సిగ్గు కూడా మర్యాదలో భాగమే. నేను మా వారికి అంతా చెప్పాను. పిల్లలకు, డాక్టరుగారు వేడినీళ్ల వైద్యం చెప్పారని మాత్రం చెప్పాను. అత్తయ్యగారు ఆ తరువాత ఏమీ అడగలేదు, కానీ నేను బాత్రూములో ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లమని ఆమే పంపించేవారు. జబ్బు పేరు చెప్పకుండా కూడా సమయం అడగవచ్చు. ఇంట్లో ఇచ్చేవారు ఉండాలి. మా వారు క్యారేజీలు కట్టే పని తీసుకున్నారు. నేను తరువాతి రైలుకు మారాను. సర్జన్‌గారి చీటీలో ఉన్న మందులన్నింటి కంటే ఈ రెండు మార్పులు నాకు ఎక్కువ మేలు చేశాయని నా నమ్మకం. మందులు కూడా అదే సమయంలో వాడాను కనుక దీన్ని రుజువు చేయలేను.

ఆపరేషన్ ఉండగా ఇంత శ్రమ ఎందుకు

ఇది నాతో పనిచేసే ఒక లెక్చరర్ అడిగిన ప్రశ్న. ఆయనకు విజయవాడలోనే ఆపరేషన్ జరిగింది, తరువాత ఏ ఇబ్బందీ లేదు. లోపలి వలయ కండరాన్ని పక్కవైపు కొంతమేర కోయడం ఆ శస్త్రచికిత్స సారాంశం. కండరం బిగువు తగ్గుతుంది, నెత్తురు అందుతుంది, పదింట తొమ్మిది మందికి పైగా గాయం మానుతుంది. నెలల తరబడి మందులకు లొంగని ఫిషర్‌తో బాధపడుతూ ఆపరేషన్ అంటే భయపడి కూర్చోవడం అనవసరమని నేనూ అంటాను. బోటాక్స్ ఇంజెక్షన్‌తో కండరాన్ని తాత్కాలికంగా సడలించే పద్ధతి కూడా ఉంది.

అయితే కొద్దిమందిలో ఆ కోత తరువాత గ్యాసును, అరుదుగా మలాన్ని అదుపు చేసుకోలేని స్థితి ఏర్పడుతుంది. కాన్పుల్లో ఆ కండరాలు అప్పటికే దెబ్బతిన్న ఆడవాళ్ల విషయంలో సర్జన్లు మరింత ఆలోచిస్తారు. హోర్డింగుల మీద లేజర్ అని, గంటలో ఇంటికి అని రాసినప్పుడు ఈ మాట కనిపించదు. లేజర్‌తో చేసినా కత్తితో చేసినా, ఏ కండరాన్ని, ఎంతమేర కోస్తున్నారని రోగి అడిగి తెలుసుకోవాలి. మరో సంగతి కూడా ముందే అడగాలి: చీలిక నడిమి గీత మీద కాక పక్కన ఉన్నా, బరువు తగ్గుతున్నా, చీము, జ్వరం ఉన్నా, నెత్తురు నల్లగా లేదా మలంలో కలిసి పడుతున్నా, అది మామూలు ఫిషర్ కాకపోవచ్చు, క్షయ, క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) లాంటి జబ్బులు, పెద్ద వయసులో పేగు క్యాన్సర్ లేవని తేల్చుకోకుండా ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు.

ఆపరేషన్ అయినవారు కూడా మళ్లీ అదే ఉదయంలోకి తిరిగి వెళతారు. కోత కండరాన్ని సడలిస్తుంది, మలాన్ని మెత్తబరచదు. 1987లో అచ్చయిన ఒక డెన్మార్క్ అధ్యయనం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఫిషర్ మానిన తరువాత ఏడాదిపాటు రోజుకు 15 గ్రాముల తవుడు తిన్నవారిలో 16 శాతం మందికి తిరగబెట్టింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 68 శాతం మందికి తిరగబెట్టింది. అందులో సగం మోతాదు తవుడు తిన్నవారికి చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. నొప్పి పోయిన రోజుతో వైద్యం ముగిసిందనుకునే మన అలవాటుకు ఇది పెద్ద హెచ్చరిక. మన మిల్లుల్లో బియ్యం నుంచి తీసేసిన తవుడు నూనెకు, పశువుల దాణాకు పోతుంది; దాని స్థానంలో మనం డబ్బాలో ఇసబ్‌గోల్ కొనుక్కుంటాం.

నొప్పి తగ్గాక ఇంటి సహకారం కూడా మెల్లగా తగ్గుతుంది. ఇప్పుడు బాగానే ఉన్నావు కదా అని పాత పనులు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. మా ఇంట్లోనూ వచ్చాయి. నేను మళ్లీ అడగవలసి వచ్చింది. జబ్బుగా ఉన్నప్పుడు అడగడం కంటే బాగున్నప్పుడు అడగడం కష్టంగా ఉంది. చూపించడానికి నొప్పి లేదు. క్యారేజీలు మాత్రం ఇప్పటికీ మా వారే కడుతున్నారు.

కళాశాలలో ఈ విద్యాసంవత్సరం మొదట్లో జరిగిన స్టాఫ్ మీటింగులో రెండు విషయాలు అడిగాను. తరగతి జరుగుతుండగా బాత్రూముకు వెళ్లే పిల్లల పేర్లు రాయడం ఆపాలని ఒకటి, హాస్టల్లో ఉదయపు స్టడీ అవర్ అరగంట ఆలస్యంగా మొదలుపెట్టాలని రెండోది. కారణం చెప్పినప్పుడు కొందరు సహోద్యోగులు తలలు దించుకున్నారు, ఒకరిద్దరు తరువాత విడిగా వచ్చి తమ పిల్లల గురించి చెప్పారు. మొదటి దానికి ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకున్నారు. ఇప్పుడు పిల్లలు చెయ్యెత్తి, అడగకుండానే వెళుతున్నారు, దీన్ని అదనుగా తీసుకుని తిరిగేవారు నా తరగతిలో ఇంతవరకు కనిపించలేదు. రెండోది కుదరలేదు. పక్క కళాశాలలో అంతకంటే ముందే మొదలుపెడుతున్నారని తల్లిదండ్రులు అడుగుతారని అన్నారు. వారి భయం నాకు తెలుసు, ఆ తల్లిదండ్రులు కట్టే ఫీజులే మా జీతాలు. అందుకే వచ్చే జూన్‌లో చేరికల సమయంలో ఆ తల్లిదండ్రులతోనే నేరుగా మాట్లాడే అవకాశం ఇవ్వమని రాసి ఇచ్చాను.